ముందు ముప్పై, వెనక ఇరవై రెండు

రాయపురం, మద్రాసు
15-10-1963

పద్మనాభన్నకు,

మన కారుకు షోలవరం రేసులో ఒక్క సీటే ఇచ్చారు. నిన్న సోమవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు క్లబ్బు గుమాస్తా ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. రేసు వచ్చే ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, ఆదివారం. పాత విమానాల మైదానం చుట్టూ ఎనిమిది చుట్లు. ఒక కారుకు ఒక డ్రైవరు. పేరు జనవరి ఇరవై లోగా రాసి పంపాలి. చెరి నాలుగు చుట్లు తోలతామని అడిగి చూశాను. "ఇదేమన్నా టౌన్ బస్సా?" అన్నాడు.

కారు నీది. ఇంజను విప్పి కట్టింది నేను. నాలుగేళ్ల కిందట మైపాడు రోడ్డులో నీ ఫియట్ ఆగిపోయి, నువ్వు గొడుగేసుకుని దానికి కాపలా కూర్చున్న రోజు నుంచీ లెక్క ఇదే. కాబట్టి హక్కుల మాట ఎత్తను. తోలడం మాటే ఎత్తుతాను.

నీ తోలుడు నాకు తెలుసు. మలుపుకు యాభై గజాల ముందే బ్రేకు వేస్తావు. స్టీరింగు ఒక్కసారి తిప్పుతావు. ఇక చేతులు కదపవు. కారు ముక్కు ఎటు పోతే కారు అటు పోవాలి, వెనక చక్రాలు బుద్ధిగా వెంట రావాలి. అందుకే ముందు టైర్లకు ఇరవై రెండు పౌన్ల గాలి, వెనక వాటికి ముప్పై పెట్టించుకుంటావు. వెనక గట్టిగా ఉంటుంది, తోక జారదు. పెళ్లివారిని తీసుకుపోవడానికి చాలా మంచి పద్ధతి.

నాకు ఇది తిరగేసి ఉండాలి. ముందు ముప్పై, వెనక ఇరవై రెండు. మలుపులోకి పోయాక తోక విసిరితే ముక్కు దానంతట అదే లోపలికి చూస్తుంది. మా గంగులయ్య మామ చుక్కాని పట్టేవాడు కదా, చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు: "నావ తిరిగేది వెనకనించిరా అబ్బయా. ముక్కు ఊరికే ముందుంటది, అంతే."

ఇంకో సంగతి. మా వర్క్‌షాపు యజమాని పరంజ్యోతి గారు మొన్న అందరి ముందూ అన్నారు, షోలవరంలో స్టీరింగు పట్టినవాడిని కార్ల కిందనుంచి బయటికి లాగి, రిపేరైన కార్లు తోలి చూసే పనిలో పెడతారట. పదకొండేళ్లుగా నేను కార్లను కిందనుంచే చూస్తున్నాను.

మైపాడు సముద్రం ఒడ్డున ఇసుకలో పందెం పెట్టుకుందాం. వదిన టైము చూస్తుంది. నువ్వు సరే అంటే తేదీ రాయి.

కామాక్షి

*

కొడవలూరు
28-10-1963

తమ్ముడు కామాక్షయ్యకు,

ఉత్తరం అందింది. పెళ్లివారి మాట మీ వదినకు చదివి వినిపించాను. నవ్వింది. అందులో నవ్వడానికి ఏముందో అడిగాను, మళ్లీ నవ్వింది.

నిన్న ఆదివారం మైపాడుకు పోయి సాధన చేశాను. పోయిన నెల నువ్వు తోలి, టైర్లలో నీ గాలి అలాగే వదిలిపోయావు. నేను చూసుకోలేదు. మలుపు గుర్తుకు ఇసుకలో పాతిన మొదటి గెడ దగ్గర ఎప్పటిలాగే స్టీరింగు తిప్పాను. కారు ఎప్పటిలాగా తిరగలేదు. రెండుసార్లు తిరిగింది. ఆగి చూస్తే ఎదురుగా సముద్రం లేదు, మీ అమ్మ చెంచమ్మ ఉంది, నెత్తిన చేపల గంపతో.

"ఏంది సామీ, ఎనక్కి వస్తుండావు? చేపలు గావాల్నంటే ముందు నించే రావచ్చు గదా!" అంది.

గాలి సరిచేసుకుని మళ్లీ తోలాను. మీ మామ గంగులయ్య తెప్ప మీద కూర్చుని అంతా చూశాడు. ఎట్లా ఉందని అడిగితే, "బాగుండాది. నిద్రొస్తాది" అన్నాడు.

రానీ. మా ఊళ్లో నా కారెక్కినవాళ్లు పాలచెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. నెల్లూరు చేరేదాకా చుక్క తొణకదు. నీ పక్కన పాలచెంబు పట్టుకున్నవాడు మజ్జిగతో దిగుతాడు. తోక విసిరితే చూడ్డానికి బాగుంటుంది. విసిరినంతసేపూ కారు పక్కకు పోతుంది కానీ ముందుకు పోదు. నేను చెప్పేది ఇంతే.

నువ్వు నీ సంగతి చెప్పావు కాబట్టి నాదీ చెబుతాను. నాకు ముప్పై తొమ్మిదేళ్లు. పుట్టినప్పటినుంచీ ఏ పనీ నేనే చేసి ఎరగను. నాట్లు కూలీలు వేస్తారు, మిల్లు గుమాస్తా చూస్తాడు, ఇల్లు మీ వదిన నడుపుతుంది. కారొక్కటే నేను నడిపేది. షోలవరం మాట ఊళ్లో పొక్కింది. పంచాయతీ ఆఫీసు హజరత్తయ్య అప్పుడే బస్సు మాట్లాడాడు. ముప్పై రెండు మంది వస్తున్నారు, నేను తోలుతుంటే చూడ్డానికి. ఇప్పుడు నువ్వు తోలుతావని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

పందానికి సరే. డిసెంబరు ఒకటి, ఆదివారం. పున్నమి మర్నాడు, మధ్యాహ్నం రెండున్నరకు నీళ్లు బాగా వెనక్కి పోతాయని, ఇసుక రోడ్డులాగా గట్టిగా ఉంటుందని మీ మామ చెప్పాడు. రెండు గెడలు, నడుమ రెండు ఫర్లాంగులు, చెరి అయిదు చుట్లు. ఎవరి గాలి వారిది. ఒకరి టైర్లు ఒకరు ముట్టుకోరాదు. మీ వదిన తన తండ్రి గడియారం తెస్తుంది. ఆయన డ్రిల్లు మాస్టరుగా పిల్లల్ని పరుగెత్తించిన గడియారం అది, అబద్ధం చెప్పదు.

పద్మనాభయ్య

*

రాయపురం, మద్రాసు
4-12-1963

పద్మనాభన్నకు,

నీకు మూడు నిమిషాల యాభై రెండు సెకన్లు. నాకు మూడు నిమిషాల యాభై రెండు సెకన్లు. రైల్లో గూడూరు దాకా ఇదే ఆలోచించాను. గూడూరు దాటాక మనుషులు ఎక్కువై నిలబడి ఆలోచించాను.

వదిన గడియారాన్ని అనుమానించడం లేదు. వదినను అసలే అనుమానించను. కానీ మనిద్దరం సమానం అంటే మాత్రం ఒప్పుకోను. నా చుట్లు చూశావు కదా. తోక ఎప్పుడూ లేనంత తేలిగ్గా వచ్చింది. గెడ దగ్గర అలా విసిరితే ఇలా తిరిగింది. ముందు ముప్పై, వెనక ఇరవై రెండు, దాని మహిమ అది. నీ గాలితో అయితే కారు నేరుగా పక్కనున్న కాలువలో దిగేది.

రేసు మైదానంలో ఉండేది సిమెంటు నేల. అక్కడ నా పద్ధతి ఇంకా పనిచేస్తుంది. కాబట్టి నువ్వే పెద్దమనసు చేసుకుని నా పేరు రాయాలి. బస్సులో వచ్చేవాళ్లకు కాలు బెణికిందని చెప్పు. కుంటడం నేర్పడానికి మా వర్క్‌షాపులో ఇద్దరున్నారు, కావాలంటే పంపుతాను.

కామాక్షి

*

కొడవలూరు
9-12-1963

తమ్ముడు కామాక్షయ్యకు,

కుంటడం మా ఇంటా వంటా లేదు.

నీ తోక సంగతి నువ్వు చెప్పావు. నా ముక్కు సంగతి విను. ఆ రోజు కారు నేను చెప్పిన మాట విన్నంతగా ఎన్నడూ వినలేదు. స్టీరింగు ఒక్కసారి తిప్పాను, పెట్టిన చోట నిలబడింది. ముక్కు బయటికి నెట్టుకుపోవడం నా పద్ధతిలో ఉన్న ఒకే లోపమని నువ్వే అంటుంటావు. ఆ రోజు అది కూడా లేదు. ముందు ఇరవై రెండు, వెనక ముప్పై. వెనక గట్టిగా ఉంటే మనసు గట్టిగా ఉంటుంది. మర్నాడు మా ఊళ్లో పదిమందికి ఈ సంగతి వివరంగా చెప్పాను.

నా పేరే రాయడం న్యాయమని నా అభిప్రాయం. ఉత్తరం కింద కొంచెం జాగా మిగిలింది. నీకేదో రాయాలని మీ వదిన అడుగుతోంది. పొలం నుంచి మనిషి వచ్చాడు, నేను లేస్తున్నాను. తనే అంటించి పంపుతుంది.

పద్మనాభయ్య

కామాక్షీ, నేను వెంకటశేషమ్మను. మీ ఇద్దరి ఉత్తరాలూ చదివాను. ఒకరు తోక అంటారు, ఒకరు ముక్కు అంటారు. నేను ఇసుకలో గొడుగు కింద కూర్చుని చూసింది రాస్తాను. మీ అన్న పందానికి ముందు మీ అమ్మ పెట్టిన చేపల పులుసు తింటున్నప్పుడు, నువ్వు కారు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ముందు చక్రాలకు పంపు తొక్కావు. తర్వాత వెనక చక్రాల దగ్గర బుస్సుమని చప్పుడైంది. పాము అనుకుని లేచాను. నువ్వు.

మీ అన్న తోలి వచ్చాక నువ్వు గాలి కొలిచే గేజి పట్టుకుని నాలుగు చక్రాల చుట్టూ తిరిగి, నీ గాలి పెట్టుకున్నానన్నావు. నేను చూస్తూనే ఉన్నాను, పంపు ముట్టుకోలేదు. అది నీకు కావలసిన గాలే కదా అప్పటికే. నీళ్లు తాగొస్తానని మీ అమ్మ గుడిసెలోకి పోయావు. అప్పుడు మీ అన్న చొక్కా విప్పి గెడకు తగిలించి, వెనక చక్రాలకు పంపు తొక్కారు. ఆ మనిషికి చెమట పట్టగా చూడడం నాకు అదే మొదలు. ముందు చక్రాల దగ్గర బుస్సుమంది.

ఎవరి గాలితో ఎవరు తోలారో మీరే తేల్చుకోండి. మీ అన్నకు నేను ఏమీ చెప్పలేదు.

*

రాయపురం, మద్రాసు
16-12-1963

పద్మనాభన్నకు, వదినకు,

వదిన రాసింది నిజం. నేను దొంగను. కానీ ఒంటరి దొంగను కానని తెలిసి ప్రాణం కుదుటపడింది.

అన్నా, కాస్త కూర్చుని చదువు. నువ్వు తోలింది నా గాలితో. ముందు ముప్పై, వెనక ఇరవై రెండు. నువ్వు మొదటి గెడ దగ్గరే బొంగరం తిరగాలని పెట్టాను. అక్టోబరులో తిరిగావు కదా, ఈసారీ తిరుగుతావనుకున్నాను. తిరగలేదు. పైగా ఎన్నడూ లేనంత బాగా తోలి, ఆ ఘనత వెనక ముప్పైకి కట్టి, పదిమందికి వివరంగా చెప్పావు. ఆ పదిమందికి ఇప్పుడేం చెబుతావో నాకు ఆసక్తిగా ఉంది.

నేను తోలింది నీ గాలితో. తోక ఎప్పుడూ లేనంత తేలిగ్గా వచ్చిందని నా చేత్తో రాశాను. ఆ ఉత్తరం వెనక్కి పంపగలవా? పంపకపోతే చించెయ్యి.

నిన్న ఆదివారం మైపాడు పోయి మా మామకు చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ చేతులు పాతయ్యే గదరా. చుక్కాని విరిగిపోయినా నువ్వు తెడ్డుతో తోక తిప్పతావు. కానీ జబ్బలు పడిపోతయ్" అన్నాడు. అది నిజం. పందెం రోజు రాత్రి రైల్లో నా జబ్బలు పైకి లేవలేదు. వదిన గడియారాన్నే అడగాలి. మొత్తం కాకుండా ఒక్కొక్క చుట్టూ ఎంత పట్టిందో వదిన రాసుకునే ఉంటుంది. ఆ అంకెలు పంపండి. ఎలా ఉన్నా ఒప్పుకుంటాను.

ఇంకొకటి దాచాను. ఉత్తరాల్లో నీ పెద్దమనసును పిలుస్తూనే, డిసెంబరు అయిదో తేదీ నా పేరు క్లబ్బుకు రాసి పంపేశాను. వదిన చూడలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

కామాక్షి

*

కొడవలూరు
6-1-1964

తమ్ముడు కామాక్షయ్యకు,

క్లబ్బు నుంచి మొన్న శనివారం ఉత్తరం వచ్చింది. ఒకే కారుకు రెండు పేర్లు చేరాయట. ఒకటి రాయపురం నుంచి, అయిదో తేదీ వేసింది. ఇంకొకటి కొడవలూరు నుంచి, రెండో తేదీ వేసింది. అంటే నేను నీకంటే మూడు రోజులు ముందున్నాను. ఒక పేరు కొట్టేసి ఇరవై లోగా తెలపమన్నారు.

నీ ఉత్తరం చేరాక మూడు రోజులు మీ వదినతో మాట్లాడలేదు. ఆమె గమనించలేదు. నాలుగో రోజు నేనే పోయి ఆమె టైములు రాసుకునే పుస్తకం అడిగాను. అంకెలు రాస్తున్నాను, చూసుకో.

నావి: నలభై ఆరు, నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఆరు, నలభై ఏడు.

నీవి: నలభై మూడు, నలభై నాలుగు, నలభై ఆరు, నలభై ఎనిమిది, యాభై ఒకటి.

నాకు మొదట సంతోషమైంది. నేను నిలకడ, నువ్వు జారుడు. రేసు ఎనిమిది చుట్లు. ఈ లెక్కన ఎనిమిదో చుట్టుకు నువ్వు కారు దిగి తోస్తూ ఉంటావు. కలం తీశాను, నీ పేరు కొట్టేయడానికి. మీ వదిన పుస్తకంలో వెనక పేజీ తిప్పి నా ముందు పెట్టి వంటింట్లోకి పోయింది.

అది సెప్టెంబరు పేజీ. నీ గాలితో నువ్వు తోలిన రోజు. అయిదు చుట్లూ నలభై నాలుగు. ఒక్క సెకను తేడా లేదు. దాని పైనే, ఆ రోజు నీకంటే ముందు నా గాలితో నేను తోలింది. అన్నీ నలభై ఎనిమిది పైన.

సంగతి ఇది. నీ గాలి నీకిస్తే నువ్వు నలభై నాలుగు. నా గాలిలో నువ్వు తోకను బలవంతాన లాగి లాగి, అయిదు చుట్లకు జబ్బలు పోగొట్టుకున్నావు. నీ దొంగతనం నాకు రెండు సెకన్లు మేలు చేసింది. నా దొంగతనం నిన్ను చివరి చుట్టులో ఏడు సెకన్లు వెనక్కి లాగింది. దొంగతనంలో కూడా నాదే పైచేయి. తోలడంలో కాదు.

నా పేరు కొట్టేశాను. క్లబ్బుకు కాగితం ఈ ఉత్తరంతో పాటే పోస్టులో పడుతుంది. సీటు నీది. పరంజ్యోతి గారికి చెప్పుకో.

ఇక నా గొడవ. హజరత్తయ్య బస్సుకు ఇప్పుడు ముప్పై ఏడు మంది అయ్యారు. పూలదండ కూడా చెప్పారట. వాళ్లకు నేనేమీ చెప్పలేదు, చెప్పను కూడా. హెల్మెట్ పెట్టుకుంటే లోపల ఎవరున్నారో ఎవరికి తెలుస్తుంది? మన ఎత్తు ఒకటే. నా నీలం చొక్కా నువ్వు తొడుక్కో. గెలిస్తే హెల్మెట్ తీయకుండా నేరుగా టెంటు వెనక్కి రా. నేను అక్కడుంటాను, ఇద్దరం మారిపోదాం. దండ నాకు, బహుమతి నీకు. ఓడితే మాత్రం బస్సు ముందే ఆగి, హెల్మెట్ తీసి, అందరికీ నీ ముఖం బాగా కనిపించేలా నిలబడు.

ఒకటే చిక్కు. మా ఊరివాళ్లకు నా తోలుడు తెలుసు. బస్సు దక్షిణం మలుపు దగ్గర నిలుపుతారు. అక్కడ నువ్వు తోక విసిరావంటే ముప్పై ఏడు మందీ ఒక్కసారే "ఇది మనోడు గాదురా!" అంటారు. కాబట్టి ఆ ఒక్క మలుపులో మాత్రం నాలాగా తోలు. ముందే బ్రేకు వెయ్యి, ఒక్కసారి తిప్పు, చేతులు కదపకు. తమ్ముడూ, ఎనిమిది మలుపులే కదా.

పద్మనాభయ్య

*

రాయపురం, మద్రాసు
14-1-1964

పద్మనాభన్నకు,

నీ ఉత్తరం వర్క్‌షాపులో ఒక వాన్ కింద పడుకుని చదివాను. సెప్టెంబరు పేజీ దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాను. ఆ పేజీ నువ్వు రాయకపోతే నాకు తెలిసేది కాదు. వదిన చెప్పేది కాదు, నువ్వు చెప్పేదాకా చూసేది. ఇంతకుమించి రాస్తే నువ్వు నవ్వుతావు.

పరంజ్యోతి గారికి చెప్పాను. "తొమ్మిదో తేదీ నేనే వచ్చి చూస్తా. కారు ముక్కలు గాకుండా ఇంటికొస్తే పదో తేదీ నించి స్టీరింగు నీది" అన్నారు.

నీలం చొక్కా ఒప్పుకున్నాను. హెల్మెట్ ఒప్పుకున్నాను. టెంటు వెనక మారడం కూడా ఒప్పుకున్నాను. పరంజ్యోతి గారిని ముందే టెంటు వెనక కూర్చోబెడతాను, ముఖం చూడాల్సిన మనిషి ఆయనొక్కడే.

దక్షిణం మలుపు మాత్రం ఒప్పుకోను. శనివారం ఒక స్నేహితుడి కారులో మైదానానికి పోయి లెక్క చూశాను. ఆ మలుపులో నీలాగా తోలితే చుట్టుకు రెండు సెకన్లు పోతాయి. ఎనిమిది చుట్లకు పదహారు. దండ వేసుకోవాలనుకునేవాడు పదహారు సెకన్లు పారబోస్తాడా?

అందుకని దీన్ని రెండో వైపు నుంచి చూశాను. నేను నీలాగా తోలడం కష్టం. నువ్వు నాలాగా తోలగలవు. నా గాలితో అయిదు చుట్లు తోలి, నీదే అనుకుని వచ్చినవాడివి. ఫిబ్రవరి తొమ్మిదికి ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. అప్పటికి కొడవలూరు మొత్తం నువ్వు తోక విసరడం చూసి, విసిగి, అలవాటు పడిపోవాలి. అప్పుడు షోలవరంలో ఎవరు విసిరినా "అదిగో మన పద్మనాభయ్య" అంటారు.

వదినకు విడిగా కార్డు రాశాను. గేజి ఇకనుంచి ఆమె దగ్గరే ఉంటుంది. గాలి ఆమే చూస్తుంది, ఎవరూ పులుసు తినేటప్పుడు కాదు. నేను శుక్రవారం పొద్దున రైలుకు వస్తున్నాను. పాలచెంబువాళ్లకు కొన్నాళ్లు నడిచిపొమ్మని చెప్పు.

మొదటి పాఠం ఆ రోజే, పదిహేడో తేదీ సాయంత్రం అయిదు గంటలకు, పంచాయతీ ఆఫీసు మలుపులో. ఆ వేళకు హజరత్తయ్య అరుగు మీద ఉండేలా నువ్వు చూసుకో. కోళ్లను వదిన తోలిపెడుతుంది.

కామాక్షి